చెయ్యి పడిన ఫైలు

ఆ పునరావాస ఆసుపత్రి వెనక గదిలో పనిచేసే డేటా ఆపరేటరుని అందరూ చాదస్తమ్మ అనేవారు. గడియ వేసి, పడిందో లేదోనని మళ్లీ లాగి చూసే రకం ఆవిడ. రోగుల మణికట్టుకి కట్టిన బ్యాండ్లు తిరిగి రాగానే వాటిలోని కదలికల లెక్కని ఫైలుగా దించి సాఫ్ట్‌వేరులోకి ఎక్కించాలి. ఉన్నదున్నట్టు ఎక్కిస్తే ఆవిడకి తోచదు. స్ప్రెడ్‌షీటులో తెరిచి, గడులు సర్ది, తేదీల పక్కన తోకల్లా వేలాడే గంటలూ నిమిషాలూ తీసేసి సేవ్ చేసేది. పాత సాఫ్ట్‌వేరుకి రోజు మొత్తమెంతో తెలిస్తే చాలు గనక ఏళ్ల తరబడి ఎవరికీ ఏమీ కాలేదు.

ఈమధ్య పెట్టిన కొత్త సాఫ్ట్‌వేరుకి నిమిషాలు కావాలి. అవి లేకపోయేసరికి అది, వరుసలన్నీ నకళ్లే అనుకుని, రోజుకొక్కటి ఉంచుకుని మిగతావి పారేసింది. అలా ఎక్కిన మొదటి ఫైలు, పక్షవాతం వచ్చిన ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. ఇంటి దగ్గర నడుస్తున్నాడని తేలితేనే ఆసుపత్రి కమిటీ ఆయనకి చికిత్స కొనసాగిస్తుంది. తెర మీద చూస్తే మనిషి మంచం దిగినట్టే లేదు.

"ఏమ్మాయ్, మా ఆవిడ మొత్తుకుంటున్నా వినకుండా వరండా అరగదీశాను. నా నడకంతా ఏ గంగలో కలిపావు?" అన్నాడు డ్రైవరు.

చాదస్తమ్మ ఫైలు తెరిచి చూసింది. అంకెలన్నీ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చి సాఫ్ట్‌వేరాయన్ని పిలిచింది.

"చూడండి సార్, నడక ఇక్కడే ఉంది."

"ఉంది మేడమ్, టైమే లేదు. ఎందుకు తీసేశారు?"

"చూడ్డానికి నీటుగా ఉంటుందని..."

ఆయన నవ్వబోయి ఆగాడు. "ఇప్పుడు మనం నిమిషాలు వేస్తే అది రీడింగు కాదు, మన రాత. చెయ్యి పడిన ఫైలు చెల్లదు. బ్యాండులో అసలుది ఉందా?"

బ్యాండుని ఖాళీ చేసి ఇంకొకరికి కట్టేశారు. కట్టింది ఆవిడే.

డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తి, తప్పు నాదేనంది. "నేను నమ్ముతానమ్మా. కమిటీ నన్ను కాదు, తెరని నమ్ముతుంది" అంది డాక్టరమ్మ. సాయంత్రానికల్లా డ్రైవరు చోటు వేరొకరిదైపోయింది.

ఆ కబురు చెప్పే పని కూడా చాదస్తమ్మ నెత్తినే పడింది. అది విని డ్రైవరు మంచి చేత్తో చెడ్డ చేతి చొక్కా పైకి మడిచి, మణికట్టు ముందుకు పెట్టాడు.

"పోనీలే. బండి దారిలో ఆగితే వదిలేసి పోతామా? ఇంకోటి కట్టు తల్లీ, మళ్లీ నడుస్తా."

చికిత్సలో ఉన్నవాళ్లకే బ్యాండు ఇస్తారని ఎలా చెప్పాలో ఆవిడకి తెలియలేదు. ఆయన చెయ్యి తీయలేదు.