నాలుగు మూరలకు ఒక మూర

మా బావను వర్క్‌షాపుల్లో ‘నిదానం మేస్త్రి’ అనేవారు. బరువైన యంత్రాలను ఒకచోటి నుంచి ఇంకొకచోటికి చేర్చడం ఆయన పని. అచ్చు యంత్రాలు, ఇనప్పెట్టెలు, ఒకసారి ఒక బేకరీ వాళ్ల పొయ్యి. ఆయన సరంజామా అంతా రెండు గడ్డపారలు, నాలుగైదు పైపు ముక్కలు, ఒక జత కప్పీలు, ఒక మోకు. మనిషి బక్కపలచన. ఏనుగంత యంత్రం పక్కన ఆయన్ని చూసి, అసలు మేస్త్రి ఇంకా రాలేదనుకునేవారు.

అక్క పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆయనకు క్యారియరు తీసుకెళ్లాను. తాడు కొస నా చేతికిచ్చి లాగమన్నాడు. నలుగురు మోసే మోటారు నేల వదిలి లేచింది. నేను నా చేతులవంక చూసుకున్నాను.

“అంత మురిసిపోకు బామ్మర్దీ,” అన్నాడు. “పుస్తకం ఎత్తితేనే ఆయాసపడే మనిషివి. బరువేం తగ్గలేదు. పైకప్పీకి, కిందికప్పీకి మధ్య నాలుగు వరసల తాడుంది చూడు. నాలుగూ పంచుకున్నాయి. నీ చేతికి పావు వంతే వచ్చింది.”

“అయితే మిగతా ముప్పావూ ఊరికే వచ్చినట్టేగా?”

“ఊరికే ఎవడిస్తాడు? నువ్వు నాలుగు మూరలు లాగితే అది ఒక్క మూర లేస్తుంది. బలం మిగుల్చుకున్నావా, దూరం పెట్టుకోవాలి.”

బడిలో అర్థం కాని పాఠం నాకు అక్కడ అర్థమయింది.

ఆయన పనిలో ఒక కట్టుబాటు ఉండేది. బరువు గాల్లో ఉన్నంతసేపూ ఆయన తప్ప ఇంకెవరూ నోరు విప్పకూడదు. రెండు నోళ్లు వినబడితే తాడు పట్టినవాడి చెయ్యి తడబడుతుందనేవాడు. ఇంట్లోనూ అంతే. “మీ బావ బీరువా జరుపుతున్నా నేను నోట్లో గుడ్డ కుక్కుకోవాలిరా,” అని అక్క నవ్వేది. నవ్వేదే గాని, ఆ మాట ఏనాడూ దాటలేదు.

అరవై రెండో ఏట అక్కకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట మాత్రం మిగిలింది. బావకు అప్పటికే నడుము ఆపరేషనయింది. నీళ్ల బకెట్టును మించి ఏదీ ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. అక్కను మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే సైకిల్ షాపతన్నీ, అతని తమ్ముణ్ణీ పిలవాల్సి వచ్చేది. మంచివాళ్లే. కాని వాళ్ల చేతులు చంకల కిందికి వచ్చినప్పుడు అక్క మొహం గోడవైపు తిప్పుకునేది.

వాళ్ల కూతురు వచ్చి, మంచాన పడ్డవాళ్లను కనిపెట్టుకుని ఉండే ఆసుపత్రి ఒకటుందని చెప్పింది. “అక్కడ మనుషులుంటారు నాన్నా. నీ ఒక్కడివల్ల అయ్యే పనా ఇది?”

అక్క కూతురితో కాదు, బావతో అంది. “పరాయివాళ్లు ఎత్తి దించుతుంటే నేను బతకలేను. మీవల్ల కాకపోతే చెప్పండి, ఉన్నచోటే పడుంటాను.”

“అవుతుంది,” అన్నాడు బావ.

మర్నాడు మంచానికి ఎగువనున్న ఇనప దూలానికి కప్పీలు బిగించాడు. కేన్వాసు గుడ్డకు రెండు పట్టీలు కుట్టి ఉయ్యాలలా చేశాడు. పట్టీలు తొడల కిందనుంచి వస్తాయి. డెబ్బై కిలోల మనిషి, ఒక పెద్ద బకెట్టు నీళ్లంత బరువుతో లేచి, గాల్లో పక్కకు జరిగి, కుర్చీలో దిగింది. కూతురు చూసి, ఆసుపత్రి ఊసు మానేసి బస్సెక్కింది. వీధివీధంతా మేస్త్రిని మెచ్చుకుంది.

మూడు నెలలయ్యాక ఒకరోజు వెళ్లాను. అంతకుముందు వెళ్లినప్పుడల్లా అక్క కుర్చీలోనే కనబడేది. ఆ రోజు ఆమెను ఎత్తడం చూశాను. బావ కళ్లు కొక్కెం మీదున్నాయి. ఏ బరువెత్తినా ఆయన చూపు అక్కడే ఉంటుంది. “లేస్తోంది... మెల్లగా... ఇంకో మూర...” అంటూ లాగుతున్నాడు. నేను అవతలి పక్కనున్నాను కాబట్టి అక్క మొహం నాకు కనబడింది. కళ్లు గట్టిగా మూసుకుంది. పంటికింద పెదవి తెల్లబడింది.

కుర్చీలో దిగాక, “నొప్పిగా ఉందా అక్కా?” అన్నాను.

“దిగానుగా. ఇప్పుడేం లేదు.”

బావ తాడు వదిలేసి వచ్చాడు. ఆమె వద్దంటున్నా చీర పక్కకు తీసి చూశాడు. ఎడమ తొడ కింద, పట్టీ అంచు పడేచోట పుండు. బెత్తెడు పొడవు. ఆమెకు షుగరుంది. ఒళ్లు ఆయనే తుడిచేవాడు గాని, ఎడమపక్క మాత్రం ఆమె తన మంచి చేత్తో తానే తుడుచుకునేది. ఆ కాస్తయినా నన్ను చేసుకోనివ్వండి అంటే, పాపం పోనీలే అని వదిలేశాడు.

“ఎన్నాళ్ల నుంచి?” అన్నాడు.

“మొదటిరోజే ఒరుసుకుంది.”

“నోరుందిగా నీకు. ఆపమనలేకపోయావా?”

“గాల్లో ఉంటే మాట్లాడకూడదు కదండీ,” అంది అక్క. మంచి చేత్తో చీర సర్దుకుంటూ, “దిగాక చెబితే మీరు తాడు విప్పేస్తారు. అమ్మాయి నన్ను అక్కడికి పంపించేస్తుంది,” అంది.

బావ మంచం పట్టె మీద కూలబడ్డాడు. ఇంకో మేస్త్రి అయితే హడావుడిగా లాగేసేవాడేమో. ఈయన ఎంత నిదానంగా లాగితే ఆమె అంతసేపు ఆ పట్టీ మీద వేలాడింది.

ఆ సాయంత్రమే పాత బొంత చింపి పట్టీలకు మెత్త కుట్టాడు. ఇకనుంచి నువ్వే చెప్పు, నువ్వు ఆపమంటే ఆపుతాను, లాగమంటే లాగుతాను అన్నాడు. అక్క వారంరోజులు మేస్త్రిగిరీ చేసింది. “కాస్త చురుగ్గా లాగండి, ముసలాయనా,” అని ఆటపట్టించింది కూడా. కాని పుండు లోపలికి దిగిపోయింది. జ్వరం పట్టుకుంది.

ఆసుపత్రి బండి వచ్చినప్పుడు నలుగురు కొత్తమనుషులు ఆమెను స్ట్రెచరు మీదికి తీసుకున్నారు. “తల ఒక్కటీ నేను పట్టుకుంటాను బాబూ,” అని బావ వాళ్లను అడిగాడు. వాళ్లు చోటిచ్చారు. వాకిలి దాకా రెండు అరచేతులూ ఆమె తల కింద పెట్టి, పక్కవాటుగా నడిచాడు. పదకొండో రోజున అక్క పోయింది.

ఆ తర్వాత ఆయన యంత్రాల పనికి వెళ్లలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు, మూడు నెలలు భార్యను కంటికి రెప్పలా చూసుకున్నావయ్యా అనేవారు. ఆయన తల వంచుకుని వినేవాడు. ఒకసారి అందరూ వెళ్లాక నాతో అన్నాడు.

“మీ అక్కను నేను ఇంట్లో ఉంచుకున్నానంటున్నారు బామ్మర్దీ. ఉంచుకున్నది నేను కాదు. అదే ఓర్చుకుని ఉంది.”

లేచి ఆయనకు మంచినీళ్లు తెచ్చిచ్చాను.