ఎల్‌తో మొదలయ్యే పాటలు

బస్సులో ఒక పెద్దాయనకు నేను కాలక్షేపం కల్పించానని మా అక్క అందరికీ చెబుతుంది. అబద్ధం. నేను ఆయన్ని ఓడించాను.

నారాయణఖేడ్‌లో ఎక్కి, భార్యతో నా ముందు సీట్లో కూర్చున్నాడు. 'ఎల్' అక్షరంతో మొదలయ్యే ఇంగ్లిషు పాటల పేర్లు వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. ఎనిమిదో పేరు దగ్గర నేను ఊరుకోలేకపోయాను.

"అది పాట పేరు కాదు, పాటలో మొదటి లైను. తీసెయ్యండి."

ఆయన తెరిచిన ఆ వేలు మళ్లీ ముడిచాడు. నేను అక్కడితో ఆగానా? పన్నెండు పేర్లు గడగడా చెప్పేసి, కాలేజీ క్విజ్‌లో నన్నెవరూ గెలవలేదని కూడా వినిపించాను.

ఆయన భార్య వెనక్కి తిరిగింది. "గెలిసినవ్ గదా చెల్లె, ఇగ ఊకో. రేపు దవాఖానల ఈన యాది ఎట్లున్నదో సూస్తరు. ఒక్క అక్షరంతోని పది పేర్లు చెప్పకుంటే చర్చిల పాటలు నేర్పే పని బంద్."

ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నాలుగు దగ్గరే ఆగి, నా వైపు తిరిగి, "గీ నాలుగోది పేరేనా, మేడం?" అని అడిగాడు.

ఇంటికొచ్చి వెతికాను. నేను తీసేయించినది పాట పేరే. అది సరైనదని తెలిసే ఆయన ఆ వేలు ముడిచాడా, నా మాట నమ్మి ముడిచాడా?