నలభై అంగల తుపాకీ

మా మేనమామ చనిపోయాడన్న కబురు అందేసరికి నేను గోరంట్లలో మిల్లు కాటా దగ్గర శెనక్కాయల మూటల తూకం రాసుకుంటున్నాను. ఊరి నుంచి సైకిలు మీద వచ్చిన మనిషి చెమట కూడా తుడుచుకోకుండా చెప్పాడు: "మీ మామ చేన్లోనే పోయినాడన్నా. మంచాన పడి పోలేదు." ఆ మాటను నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. మిగిలిన మూటల తూకం రాసి, పుస్తకం మూసి, అప్పుడే బయలుదేరాను. పని సగంలో వదిలేసి వెళ్లి ఉంటే, బతికుండగా ఆయన నన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు.

ఊళ్లో ఆయనకు మొండివాడని పేరు. కాదని నేను వాదించను. మెత్తని మనిషికి ఆ చేను నిలిచేది కాదు. గుట్ట మొదట్లో నాలుగెకరాల ఎర్రనేల. చేను గట్టు దాటితే తుమ్మ, రేగు, బలుసు పొదలు. వాన ఒక ఏడు వస్తే రెండేళ్లు రాదు. వచ్చిన ఏడు పండినదాన్ని తెల్లవారుజామున పొదల్లోంచి దుప్పులు దిగి తినిపోయేవి. ఆయన కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు లేవు. చిన్నప్పుడే చెరకు గానుగలో పోయాయి.

పక్కచేని ఆసామికి ఆ నాలుగెకరాల మీద కన్ను. ఒకరోజు గట్టు మీద నిలబడి అడిగాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఆ చేను ఎట్లాగూ దుప్పుల పాలేనప్పా. నాకిచ్చిపో. కంచె కట్టుకుంటా."

"దుప్పి తిన్నా చేను మిగుల్తుంది. నువ్వు తింటే అదీ మిగలదు" అన్నాడు మామ.

పంట కాపుకోవడానికి తుపాకీ లైసెన్సు కోసం అర్జీ రాసిపెట్టమని ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చాడు. రెండేళ్లు తిరిగాక లైసెన్సు చేతికొచ్చింది. ఏ తుపాకీ కొనాలన్నది తర్వాతి చిక్కు. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ పాత కాగితాలు చదివి నేర్చుకున్నవే. వాటితోనే బెంగుళూరు అంగడివాళ్ల జాబితా ముందేసుకుని, మూడువందల గజాల దూరం కొట్టే, పక్కనున్న గడియ లాగి తూటా ఎక్కించే తుపాకీ పేరు కింద గీత గీశాను. ఎక్కువ దూరం కొట్టేదే మేలైనదని నా లెక్క.

మరునాడు తెల్లవారేసరికి మామ నన్నూ అత్తనూ ఇంటి మేకనూ చేనికి తీసుకుపోయాడు. దుప్పులు దిగే సందులో మేకను పట్టుకుని నిలబడమని అత్తకు చెప్పాడు.

"యాల? మేకను కాలుస్తావా ఏమి?" అంది అత్త.

"నీ నోరు కదలకుంటే కాల్చను."

మేక వైపే చూస్తూ ఒక్కో అంగ వెనక్కి వేశాడు. నన్ను లెక్కపెట్టమన్నాడు. పొదల మధ్య మేక కన్ను కనిపించడం మానిన చోట ఆగాడు. నలభై అంగలు.

"నీ కాగితంలో మూడునూర్ల గజాలుండాది అల్లుడా. నా చేన్లో నలభై అంగలే ఉండాది. మిగిలిన దూరం నేనేం చేసుకోవల్ల?"

బయలు నేలలో జింకను కొట్టేవాడికి దూరపు తుపాకీ కావాలి. పొదల్లో దుప్పికి పొట్టిది కావాలి, భుజం మీంచి దించకుండా రెండో తూటా ఎక్కించేది కావాలి. ఇది నేను ఏ కాగితంలోనూ చదవలేదు. మేక దగ్గర నేర్చుకున్నాను.

బెంగుళూరు అంగడిలో దుకాణదారు ముందు మామ చేతిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "ఈ చేతికి తుపాకీనా?"

"చెయ్యి ఇంగొకటి ఉండాది గదప్పా. భుజమూ ఉండాది" అన్నాడు మామ.

గడియ తుపాకీని ఎడమ భుజానికి ఆనించి చూశాడు. గడియ కుడిపక్కన ఉంది. వేళ్లు లేని చేతికి అది పట్టు చిక్కలేదు. పక్కన పెట్టేశాడు. గోడకున్న ఒక పొట్టి తుపాకీని చూపించి దించమన్నాడు. ఏదో తోటల దొర సీమకు పోతూ అమ్మిపోయిన పాత లీవరు తుపాకీ అది. మీట నొక్కే వేళ్ల కింద ఇనుప కడియం ఉంటుంది. దాన్ని ముందుకు తోసి వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. ఆ పనంతా ఎడమచేయి ఒక్కటే చేస్తుంది. పక్కనున్న సందులోంచి తూటాలు నెట్టడానికి కుడి బొటనవేలు చాలు.

దుకాణదారు మొన తేలిన తూటాలు కొన్ని తీసి, ఇవి ఇంకా దూరం పోతాయన్నాడు. ఈ తుపాకీలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. మామ రెండింటిని బల్ల మీద అట్లాగే పేర్చాడు.

"వెనకదాని మొన ముందుదాని పిర్రను పొడస్తాండాదే. తుపాకీ ఎదురు తన్నితే, పిర్రలో మందంటుకుని లోపలే పేలదా?"

దుకాణదారు వాటిని తీసేసి మొద్దుమొన తూటాలు తెచ్చాడు.

ఆ తుపాకీని ఆయన చాలా తక్కువగా కాల్చాడు. ప్రతి తూటాకూ లెక్క చూపాలి కనుక ఆ పుస్తకం నేనే రాసేవాణ్ని. కొన్ని నెలలకు ఒక్క గీత కూడా ఉండేది కాదు. దుప్పి వెనక గుట్ట ఉండేట్టుగా చూసుకుని కూర్చునేవాడు. గుండు తప్పినా మట్టిలోనే దిగాలి. ఆడ దుప్పి జోలికి పోడు. "కన్ను కనపడేదాకా నీ వేలికి పనిలేదు" అనేవాడు. దుప్పి పడిన రోజున పంట కోతకు వచ్చినవాళ్లందరికీ మాంసం పంచాకే ఇంటికి తెచ్చేవాడు.

ఒక ఏడు శెనక్కాయ పీకేటప్పుడు, ఆసామి ఇంటికి పట్నం నుంచి అతిథులు వచ్చారు. పొద్దు పొడవగానే జీపులో దూరపు తుపాకులతో గట్టు మీదికి చేరారు. పొదల్లోంచి ఒక దుప్పి లేచి మా చేనికి అడ్డంగా పరుగెత్తింది. దానికి అవతల ఆడవాళ్లు వంగి కాయలు ఏరుతున్నారు. మామ తుపాకీ భుజాన వేసుకునే లేచి, జీపుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"జరుగప్పా, దుప్పి పోతాండాది!" అని అరిచాడు ఆసామి.

"పోనీ. మీ గుండు దుప్పిని దాటి యాడ నిలుస్తాదో చెప్పండి, జరుగుతా."

"వీళ్లెవరో తెలుసునా నీకు?"

"తెలీదు. ఆడ కాయలేరే ఆడోళ్లెవరో తెలుసు. పదకొండు మంది. పేర్లు చెప్పనా?"

దుప్పి పోయింది. జీపు తిరిగిపోయింది. వారం తిరగకుండానే, అతిథులకు తుపాకీ గురిపెట్టి బెదిరించాడని మామ మీద ఫిర్యాదు పడింది. విచారణకు ఇద్దరం వెళ్లాం. దారి పొడుగునా నేను ఒక్కటే చెప్పాను: "లేదు సార్ అను మామా. అంతకు మించి నోరు తెరవద్దు." తూటాల పుస్తకం నా చేతిలో ఉంది. ఆ రోజున ఒక్కటి కూడా ఖర్చు కాలేదు.

"గురిపెట్టినావా?" అని అడిగాడు అధికారి.

"పెట్టింటే వాళ్లు మీ దాకా వచ్చి చెప్పుకునేవాళ్లు కాదు సార్" అన్నాడు మామ.

అధికారి ఆ మాటనే బెదిరింపు కింద రాసుకున్నాడు, పుస్తకం తెరిచే పని పడలేదు. లైసెన్సు రద్దయింది, తుపాకీ స్టేషనులో పెట్టాం. బయటికి వచ్చాక నాకు కోపం ఆగలేదు. "ఒక్క మాట అనలేకపోయినావా?"

"అంటినే. నిజమే అంటి. ఆ మాట వాళ్లకు చాల్లేదు, నాకు చాలింది."

ఇక ఆ చేను తనకే వస్తుందని ఆసామి ఊరంతా చెప్పుకున్నాడు. మామ మరునాడు కూడా అదే చోట, అదే పొద్దుకు కూర్చున్నాడు, ఉత్త చేతులతో. దుప్పులు దిగి దగ్గరికి వచ్చేదాకా కదలకుండా ఉండి, ఒక్కసారిగా లేచి కేకపెట్టేవాడు. అవి పోయేవి, మళ్లీ వచ్చేవి. పంటలో సగం అవి తిన్న ఏళ్లున్నాయి. చేను మాత్రం ఆయన చేయి దాటలేదు. ఆ కేకలతో గొంతు జీరపోయి, చివరి ఏళ్లలో ఆయన మాట పక్కనున్నవాళ్లకు కూడా సరిగా వినిపించేది కాదు. అయినా మానలేదు. ఆ పనిలోనే పోయాడు.

పదకొండో దినం ముగిసిన మరునాడు ఆసామి ఇంటికి వచ్చాడు. అత్త ఇంట్లో లేదు. భర్త పోయిన మనిషి అప్పుడే గడప దాటిందని ఇంట్లో పెద్దవాళ్లు గొణుగుతున్నారు. ఆసామీ నేనూ చేనికి వెళ్లాం. సాళ్ల మధ్య కూర్చుని అత్త గడ్డి తీస్తోంది.

"ఇంక నీవల్ల యాడయితుందక్కా. మంచి ధర ఇస్తా" అన్నాడు ఆసామి.

అత్త తల ఎత్తలేదు. "మొక్కలు తొక్కతాండావు. గట్టు మీద నిలబడి మాట్లాడు."

ఆసామి కాళ్ల కిందికి చూసుకుని గట్టెక్కాడు. కాసేపు ఎదురుచూసి వెళ్లిపోయాడు. ఆసామి ఇస్తానన్న ధర ఎంతో అత్త నన్ను అడగలేదు. పొదల సందులో ఒక దుప్పి తల బయటికి పెట్టింది. అత్త కొడవలి నేలమీద పెట్టి, ఒళ్లోని గడ్డి దులుపుకుని, మోకాలి మీద చేయి ఆనించి నెమ్మదిగా లేచింది. నోరు తెరిచింది.