అంచులో లేని పువ్వు

మా అమ్మాయికి ఏడో తరగతిలో ఒక పని ఇచ్చారు. ఇంట్లోవాళ్ళు చేసిన ఏదైనా వృత్తి గురించి ఒక పేజీ రిపోర్టు రాయాలి. వాళ్ళమ్మ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. మాది రైతు కుటుంబం కాబట్టి వ్యవసాయం గురించి రాస్తుందనుకున్నాను. తను నేత గురించి రాస్తానంది. నేత వాళ్ళమ్మ వైపుది.

భవానీపురంలో మా ఇంటి వరండాలో కూర్చోబెట్టి ఎలా రాయాలో చెప్పాను. ముందు ప్రశ్నలు రాసుకోవాలి. ఎవరు ఏం చెప్పారో విడివిడిగా రాసుకోవాలి. ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే, నచ్చినదాన్ని తీసుకోకూడదు, వెళ్ళి చూడాలి.

మొదటి ప్రశ్న నన్నే అడిగింది. "అమ్మ మగ్గం మీద నేసిందా నాన్నా?"

"లేదమ్మా. చిన్నప్పుడు కండెలకి నూలు చుట్టేది, అంతే."

పదిహేనేళ్ళ కాపురం. ఆ ధీమాతో చెప్పాను.

తర్వాత చల్లపల్లిలో ఉన్న వాళ్ళ పిన్నికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, అమ్మ నేయలేదట, కండెలే చుట్టేదట కదా అని అడిగింది.

"కండెలు చుట్టింది నేనే. తాతయ్యకి నడుము పట్టేస్తే ఏడాది పాటు అక్కే నేసింది. లేదని ఎవరు చెప్పారే?"

"నాన్న."

"బావగారు అన్ని పుస్తకాలు చదివారుగా. ఇది ఏ పుస్తకంలోనూ పడలేదేమో."

పిల్ల నవ్వింది. ఎనిమిది నెలలుగా నేను ఏం చెప్పినా ఆ నవ్వు రాలేదు. మంచినీళ్ళ కోసమన్నట్టు లోపలికి వెళ్ళి, గుమ్మం పక్కనే నిలబడి విన్నాను. అప్పుడు నాలో కలిగినదాన్ని దుఃఖమనుకుంటే గౌరవంగా ఉండేది. కాని అది అసూయ. నాకు ఒక్క రోజు కూడా తెలియని నా భార్య, వాళ్ళ పిన్ని దగ్గర ఏడాది పొడవునా ఉంది.

"ఆ నీలం చీర ఉందా? కొంగుకి జానెడు ఇవతల అంచులో ఒక పువ్వు తప్పింది. షావుకారు తీసుకోనంటే అక్కే ఉంచుకుంది."

"మరి నాన్నకెందుకు చెప్పలేదు?"

"ఆయన అడిగుండరమ్మా."

ఆ చీర బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో షాపులో కొన్నదనుకున్నాను. ఆమె పోయాక ఆమె చీరల బీరువా నేను తెరవలేదు. పిల్ల ఆ చీర చూస్తానంటే, రేపు చూద్దాంలే అన్నాను.

"వెళ్ళి చూడాలన్నావుగా."

తాళంచెవి ఇచ్చాను. మంచం మీద చీర పరిచి, కొంగు నుంచి తన జానతో కొలిచింది. అక్కడ పువ్వులు వరసగా ఉన్నాయి.

"పిన్ని పొరబడిందేమో" అన్నాను. నా గొంతులో ఆశ నాకే వినిపించింది.

"పిన్ని చెయ్యి నాకంటే పెద్దది కదా నాన్నా" అంటూ ఇంకో నాలుగు వేళ్ళు జరిగింది. అక్కడ ఒక పువ్వు లేదు. ఆ చీర ఆమె కట్టుకోగా ఎన్నిసార్లు చూశానో.

రిపోర్టు చివర ఎవరెవరి దగ్గర తెలుసుకుందో రాసింది. ఒకటి, పిన్ని. రెండు, చీర.

"నేను లేనే?"

"నువ్వు చెప్పింది తప్పు కదా."

"తప్పు చెప్పినవాళ్ళని కూడా రాయాలి" అన్నాను. ఆ నియమం నేను ముందు చెప్పలేదు. ఆ జాబితాలో ఎక్కడో ఒకచోట ఉండాలనిపించి అప్పుడే కల్పించాను.

కాసేపు పెన్ను మూత కొరికి, మూడో వరస రాసింది. "మూడు, నాన్న. మా నాన్న అమ్మను ఎప్పుడూ అడగలేదు."

అక్షరదోషాలు ఉన్నాయేమో చూడమని కాగితం నా చేతికిచ్చింది. ఒక్కటీ లేదు.