మట్టల కుప్పల మధ్య మా వియ్యపురాలు

మా వియ్యపురాలు పాములతో కూడా మీరు అనే మాట్లాడేవారు. దెందులూరు దగ్గర ఆవిడ పామాయిల్ తోటలో, నరికిన మట్టలు చెట్ల వరుసల మధ్య కుప్పలుగా పడి ఉండేవి. చేతికర్రతో కుప్పను తట్టి, "ఏవండీ, కాస్త పక్కకి జరగండి, రాలిన పళ్లు ఏరుకోవాలి" అనేవారు.

ఆ చుట్టుపక్కల కుప్పల్ని తగలబెట్టేవాళ్లే ఎక్కువ. ఆ పొగ భూమిని వేడెక్కిస్తుందని, కుళ్లనిస్తే కొంతైనా నేలకు దక్కుతుందని నేను చదివి, ఊరూరా తిరిగి అరిచాను. ఎవడూ వినలేదు. ఆఫీసర్లు టీ ఇచ్చి పంపేశారు. ఆవిడొక్కరే, "అన్నయ్యగారు అంత కోపంగా చెబుతున్నారంటే నిజమే అయ్యుంటుందండి" అని కాల్చడం మానేశారు.

ఒకసారి ఓ కుప్పలో తాచు కనబడింది. కాల్చేస్తేగానీ తోటలో అడుగుపెట్టం అన్నారు కోత కూలీలు. గెలలు ముదిరి రాలిపోతున్నాయి. ఆవిడ కర్ర పుచ్చుకుని కుప్పలు తట్టుకుంటూ ముందు నడిచారు. తాచున్న కుప్ప దగ్గరికి వెళ్లేసరికి నేనిక ఆగలేకపోయాను.

"చెల్లెమ్మా, వెనక్కి రండి! తగలబెట్టేద్దాం!" అని గట్టు మీంచి అరిచాను.

ఆవిడ ఆగి నావైపు తిరిగారు. "బాగుందండి అన్నయ్యగారూ! ఊరందరితో పోట్లాడి, ఇప్పుడు మీరే కాల్చమంటారేంటండీ!"

కూలీల మేస్త్రీ పకపకా నవ్వాడు. "మీరుండండమ్మా, మేం వస్తున్నాం" అంటూ కొడవలి కట్టిన గెడ భుజాన వేసుకుని ఆవిడను దాటి ముందుకు నడిచాడు. మిగతావాళ్లూ కదిలారు.

ఆ తోటలోంచి పొగ లేవలేదు. నా మాటను నాకంటే గట్టిగా నమ్మే మనిషిని, ఆవిడ పోయాక మరొకరిని చూడలేదు.