టక్కుమనని కంప్రెసర్

తుఫాను డ్యూటీకి మా ఆర్మీ దళం పామర్రు చేరేసరికి పొద్దున ఆరు గంటలు. విడవని వాన. నా చేతిలో ఎప్పుడూ నేను నడిపే అంబులెన్సే. వెనక స్ట్రెచరు, ఒక ఆక్సిజన్ సిలిండరు. ఏసీ మాత్రం పనిచేయదు.

ఏసీ సుఖానికే అనుకుంటారు మీరు. వానలో అద్దాలు మూసుకుని నడిపితే మన ఊపిరికే ముందద్దం మసకబారిపోతుంది. ఆ తడిని లాగేది ఏసీ గాలే. స్విచ్ నొక్కితే ఫ్యాను తిరిగేది గానీ, ఇంజను దగ్గర కంప్రెసరు అందుకునే టక్కుమనే చప్పుడు వచ్చేది కాదు. నెలరోజుల్లో మూడుసార్లు కంప్లైంట్ రాశాను. మూడుసార్లూ వర్క్‌షాపు వాళ్లు గ్యాసు చూసి, బాగానే ఉంది పొమ్మన్నారు.

మధ్యాహ్నం రెండున్నరకి రేడియోలో హవల్దారు గారి గొంతు. "పాము కరిచిన కేసు. కాలవ కట్ట మీదుగా విజయవాడ ఆసుపత్రికి. కదులు."

కరిచింది ఒక రైతుని. నలభై ఏళ్లుంటాయి. ఆయన దగ్గర మా నర్సింగ్ అసిస్టెంటు కూర్చున్నాడు. రైతు భార్య నా పక్కన కూర్చుంది. కట్టెక్కిన ఐదు నిమిషాలకే అద్దం తెల్లబడింది. ఆవిడ అరచేత్తో తుడుస్తోంది. చెయ్యి తీసేలోపే మళ్లీ కమ్మేస్తోంది.

"బాబూ, దారి కనపడుతోందా నీకు?"

"కనపడుతోందమ్మా." అబద్ధం. అంతలో ఎడమ చక్రం కాలవ వైపు జారింది. ఆపేశాను.

రేడియోలో మా ఎలక్ట్రీషియన్ దొరికాడు. మైలవరం వాడు. ఫ్యాను తిరుగుతోంది గానీ టక్కుమనట్లేదని చెప్పాను.

"స్విచ్చి ఉత్త ఆర్డరే ఇస్తుంది బావా. ఆ ఆర్డరు అందుకుని కరెంటు పంపేది రిలే. కరెంటు వెళ్తేనే కాయిలు అయస్కాంతమై కంప్రెసరు ముందున్న పళ్లేన్ని లాగి పట్టేది. హారన్ రిలే ఏసీ రిలేకి కవలపిల్ల. దాన్ని పీకి ఏసీ రిలే గూట్లో పెట్టు."

"మరి హారనో?"

"సైరన్ ఉందిగా, మొత్తుకో!"

వెనక నుంచి నర్సింగ్ అసిస్టెంటు అరిచాడు. "అన్నా, ఊపిరందట్లేదు ఈయనకి!"

బానెట్ ఎత్తి ఏసీ రిలే పీకాను. దాని కాళ్లకీ, అది కూర్చునే గూటికీ పచ్చటి చిలుము. చిలుములో కుంకుమ. ఒక కొబ్బరి పీచు.

దసరా ఆయుధపూజకి ఆ రిలేల పెట్టెకి కూడా బొట్టు పెడదామని మూత తీసింది నేనే. దాని పక్కనే కొబ్బరికాయ కొట్టి, లోపలికి నీళ్లు చిందించిందీ నేనే. నెలరోజులుగా వర్క్‌షాపును తిడుతున్నదీ నేనే.

గూట్లో చిలుము కత్తితో గీకాను. హారన్ రిలే పీకి అందులో నొక్కిపెట్టి స్విచ్ వేశాను. టక్. అద్దం కింది నుంచి తేటపడుతూ వచ్చింది. పోయినవి ఇరవై ఐదు నిమిషాలు.

ఆసుపత్రి మెట్ల దగ్గరే డాక్టరు గారు నాడి చూసి చెయ్యి వదిలేశారు. "కాస్త ముందు తేవాల్సిందండీ" అన్నారు. ఆవిడ అద్దం తుడిచిన ఆ చేత్తోనే ఆయన మొహం తుడిచింది. నన్ను తిట్టినా బాగుండేది.

పన్నెండో రోజు యూనిట్‌కి తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున మంచులో బండెక్కి కూర్చున్నాను. నా ఊపిరికి అద్దం మసకబారింది. ఆ తెలుపులో ఆవిడ అరచెయ్యి, ఐదు వేళ్లతో సహా, మెల్లగా తేలింది.

స్విచ్ మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను.