నలుసులు తీసే ఉరుకుందమ్మ

గోనెగండ్లకు నాలుగు మైళ్ల అవతల ఉన్న ఆ ఊళ్లో ఎవరి కంట్లో నలుసు పడినా ఉరుకుందమ్మ ఇల్లే దిక్కు. కొర్ర కంకుల నూగు, కంది పొట్టు, మోటారుసైకిలు మీద పోతుంటే ఎగిరొచ్చి కొట్టే పురుగు, ఏదైనా సరే. ఆమె రెండుసార్లు నోరు పుక్కిలించేది. వచ్చిన మనిషిని వెలుతురుకు తిప్పి కూర్చోబెట్టి, బొటనవేళ్లతో రెప్పలు విడదీసి, నాలుక కొనతో కంట్లో ఒక్క తిప్పు తిప్పేది. వచ్చిందాన్ని వేలి మీదికి తీసుకుని చూపించేది. "ఇంత దానికేనా ఏడిస్తివి" అనేది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పుచ్చుకుంటే గుణం పోతుందని, ఆమెకు ఈ పని నేర్పిన అత్త గట్టిగా చెప్పి పోయింది.

ఇది చదివి ముఖం చిట్లించుకునేవాళ్లు నిరభ్యంతరంగా చిట్లించుకోవచ్చు. నూర్పిడి రోజుల్లో ఆ ఊరి దుమ్ములో ఒక పూట నిలబడి చూస్తే ఉరుకుందమ్మ విలువ తెలుస్తుంది.

అంతమంది కళ్లు తెరిపించిన మనిషే గానీ, తన కన్ను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. అది పంతం కాదు. ఒళ్లు ఒప్పుకోదు, అంతే. పెళ్లినాడు కాటుక పెట్టబోతే తల వెనక్కి విసిరి, వెనకాల కూర్చున్న మేనత్త ముక్కు వాచేలా కొట్టింది. కాటుక లేకుండానే తాళి కట్టించుకుంది. మొన్నామధ్య తోటికోడలు జయమ్మ శుక్లం ఆపరేషన్ చేయించుకుని వచ్చి, ఎట్లా కోశారో వైనవైనాలుగా చెప్పబోతే, ఉరుకుందమ్మకు అరికాళ్లు చల్లబడి మంచం మీద కూలబడిపోయింది. ఊరంతా పడీపడీ నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది. నవ్విందే గానీ, ఎడమ కంట్లో తనకూ మసక మొదలైందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. కుడి కన్ను బాగుంది కదా, దానితో కాలక్షేపం చేసేయవచ్చు అనుకుంది.

దసరాకు ముందు ఒకరోజు పొద్దున అంట్లు తోముతుంటే, ఆ బాగున్న కంటి కొసన ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు తళుక్కుమంది. తిరిగి చూసింది. ఎవరూ లేరు. మళ్లీ తళుక్కుమంది. కాసేపటికి కంటి ముందు మసి రాలినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య వంకర తిరిగిన ఒక దారప్పోగు. కన్ను ఎటు తిప్పితే అవీ అటే పోతున్నాయి. నీళ్లు చల్లుకుంది. కొంగుతో ఒత్తుకుంది. పోలేదు.

ఇంకొకరైతే నలుసు పడిందనుకునేవాళ్లు. ఉరుకుందమ్మకు ఆ ఊరట కూడా లేదు. నలుసు పడితే గరగరలాడాలి, నీరు కారాలి, కన్ను ఎర్రబడాలి. ఇక్కడ అవేవీ లేవు. ఇదేదో లోపలిది. లోపలిదంటే ఆస్పత్రి. ఆస్పత్రి అంటే రెప్ప ఎత్తుతారు, ఏదో ఒకటి పెట్టి పొడుస్తారు. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే అని తనకు తానే వైద్యం చెప్పుకుని, మిగిలిన అంట్లు తోముకుంది.

మూడోనాడు మధ్యాహ్నం మారెప్ప వచ్చాడు. వాళ్ల వీధివాడే, నలభై ఏళ్లుంటాయి, నూర్పిడి మిషన్ దగ్గర కూలికి పోతాడు. ఎడమ కంట్లో కొర్ర నూగు పడింది. కన్ను తెరవలేకపోతున్నాడు.

"బిరీన తియ్యక్కా, పని ఆడ నిలబడిపోయింది" అన్నాడు, తల పైకెత్తి కూర్చుంటూ.

ఉరుకుందమ్మ రెప్పలు విడదీసి చూసింది. అతని కంట్లోని నలుసేదో, తన కంట్లో ఈదుతున్న చుక్కేదో తేల్చుకోలేకపోయింది. నాలుక ఒకసారి తిప్పింది, రెండోసారి తిప్పింది. నోటికి ఏమీ తగిలినట్టు లేదు. మారెప్ప తల అలాగే ఎత్తిపెట్టి, ఆమె ఏమంటుందా అని ఎదురుచూస్తున్నాడు.

"వచ్చేసింది, పో" అంది.

వేలు చూపించలేదు. అతను అడగనూ లేదు. కన్ను నలుపుకుంటూ, "సరేక్కా" అని వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. ఆ రాత్రి అన్నం సయించలేదు. తరువాత మారెప్ప వీధిలో కనిపించలేదు. కోసిగిలో అక్క ఇంటికి పోయుంటాడని ఎవరో అంటే, పోనీలే, బాగానే ఉన్నాడు కాబట్టే ఊరెళ్లాడు అని మనసుకు సర్ది చెప్పుకుంది.

పదో రోజున కోడలు లావణ్య పట్టేసింది. అత్త సంగటి ముందు కూర్చుని ఎడంచేత్తో దోమలు తోలుకుంటోంది.

"యాడుండాయి అత్తా దోమలు?"

లావణ్య ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ పిల్ల అరవదు, కానీ వదలదు. ఎడమ కన్ను మూయించి, నా చేయి ఎక్కడుందో చెప్పు అంది. ఉరుకుందమ్మ చెప్పింది. చేయి జరిపి, ఇప్పుడో అంది. ముక్కువైపు కింది మూల నుంచి చీకటి కమ్ముకుని ఉంది, చేయి ఆ చీకట్లో ఉంది. ఉరుకుందమ్మ చెప్పలేకపోయింది. గంటలో ఇద్దరూ ఎమ్మిగనూరు బస్సులో ఉన్నారు. బళ్లారిలో పనికి పోయిన కొడుకు హరికృష్ణకు లావణ్య బస్సులోంచే ఫోను చేసి చెప్పింది.

ఎమ్మిగనూరు కంటి ఆస్పత్రిలో చుక్కలు వేసే కుర్రవాడి పేరు మధు. ఓపికమంతుడు. మొదటి చుక్క ఉరుకుందమ్మ చెంప మీద పడింది, రెండోది చెవిలోకి పోయింది, మూడోది వేయబోతే అతని చేయి తగిలి సీసా కింద పడింది.

"వట్టి నీళ్లే పెద్దమ్మా, కంటిపాప పెద్దది కావడానికి. నేను ముట్టుకోను. పైకి సూడు."

"సూస్తానే ఉండా గదప్పా" అంది ఆమె, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని.

చివరికి పడుకోబెట్టి, మూసిన కంటి మూలలో చుక్క నిలిపి, ఎప్పటికైనా తెరవక తప్పదు కదా అని మధు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆమె రెప్ప అదరగానే మందు లోపలికి జారింది. మోసపోయినంత పనైంది ఆమెకు. తరువాత డాక్టరు నెత్తిన దీపం కట్టుకుని, చేత్తో ఒక భూతద్దం పట్టుకుని చూశాడు. అంత వెలుగు ఆమె జన్మలో చూడలేదు. బట్టలు తడిసేలా చెమట పట్టింది. ఆమె తెరిచిన రెండు మూడు క్షణాల్లోనే ఆయనకు కావలసింది కనిపించింది.

"కంటి వెనకాల ఒక పొర ఉంటుందమ్మా, చూపంతా దాని మీదే. అది చిరిగింది. చిరుగు చుట్టూ కొంచెం లేచింది కూడా. ఈరోజే లేజర్‌తో చుట్టూ అతికిస్తే ఆగుతుంది. ఆగకపోతే మొత్తం ఊడుతుంది. అప్పుడు పెద్ద ఆపరేషన్, చూపు ఎంత వస్తుందో చెప్పలేం. రెండో కంట్లో ఎట్లాగూ శుక్లం ఉంది. లేజర్ నా దగ్గర లేదు, ఆదోని పోండి. ఇప్పుడే బయలుదేరండి."

ఆదోని బస్సులో ఉరుకుందమ్మ కిటికీ పక్కన కూర్చుని, దారిలో ఎక్కడ దిగి పారిపోవచ్చా అని నిజంగానే ఆలోచించింది. కన్ను పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. గడప ఎక్కడుందో తడుముకోవాలి, బియ్యంలో రాయి ఎవరో ఏరిపెట్టాలి. ఆ భయం ఒకవైపు, రెప్ప ఎత్తే వేళ్ల భయం ఒకవైపు. సిగ్గుచేటైన విషయమేమంటే, ఆ రెండిట్లో రెండోదే పెద్దది.

"కన్ను ముట్టుకుంటారా లావణ్యా?"

"లేదంట అత్తా. వట్టి దీపమే అంట. దూరం నుంచి."

లావణ్యకు ఆ సంగతి తెలియదు. అత్తను బస్సు దిగకుండా చూడాలి, అంతే తెలుసు.

ఆదోని ఆస్పత్రిలో చీకటి గది. మిషన్ ముందు గడ్డం ఆనించమన్నారు, నుదురు పట్టీకి తాకించమన్నారు. డాక్టరమ్మ మెత్తగా మాట్లాడే మనిషి. సోడా మూత అంత అద్దంలో జిగురులాంటి మందు పోస్తూ, "దీన్ని కంటి మీద పెడతానమ్మా, నొప్పి ఉండదు" అంది.

"కంటి మీదనా?"

"కంటి మీదే. రెప్ప మూతపడకుండా."

ఉరుకుందమ్మ లేచింది. ఎవరూ ఆపేలోపు తలుపు తోసుకుని బయటి హాల్లోకి వచ్చింది. నాలుగడుగులు వేసింది. గోడ పక్కకు ఒరిగింది, చెవుల్లో హోరు, ఆ తరువాత ఏమీ లేదు.

తెలివి వచ్చేసరికి బెంచీ మీద పడుకుని ఉంది. ఎవరో రిపోర్టుల ఫైలుతో విసురుతున్నారు. నల్లద్దాలు పెట్టుకున్న మనిషి. ముఖం పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"నేనక్కా, మారెప్పను."

"నువ్వు కోసిగికి పోయినావంటిరి గదప్పా."

"యాడ కోసిగి. మూడు దినాలుగా ఈడనే ఉండా. నల్లగుడ్డు మీద పుండు పడిందంట. గంటకొక తూరి సుక్కలేస్తాండారు, రాత్రి పగలు లేదు. నీకేమాయ?"

లావణ్యే చెప్పింది, పొర చిరిగిన సంగతీ, అత్త లేచి వచ్చేసిన సంగతీ. మారెప్ప అంతా విని తల ఊపాడు.

"భయమే అక్కా. నాకూ మొదటి దినం ఒణుకు పుట్టింది. నేనొచ్చి తల పట్టుకుంటా, పా. ఎంత మందికి నువ్వు పట్టుకున్నావు."

డాక్టరమ్మ అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, చేతులు సబ్బుతో కడుక్కుని రమ్మంది. మిషన్ ముందు మళ్లీ గడ్డం ఆనించారు. వెనక నుంచి మారెప్ప రెండు అరచేతులు ఆమె తలను పట్టుకున్నాయి. కూలి చేసి గట్టిపడిన చేతులు, కానీ మెల్లగా పట్టుకున్నాడు. లాక్కుంటే వచ్చేసేటంత మెల్లగా.

అద్దం వచ్చి కంటికి ఆనింది. చల్లగా, జిగటగా. రెప్ప మూయబోతే మూతపడలేదు. ఒళ్లంతా లేచి పరుగెత్తమంది. కాలి వేళ్లు నేలను పట్టుకున్నాయి. ఆకుపచ్చటి మెరుపు ఒకటి, వెంటనే ఇంకొకటి, కంటి లోపల ఎక్కడో చీమ కుట్టినట్టు.

ఆమె కదల్లేదు. అప్పుడు ధైర్యం వచ్చిందని రాస్తే అది అబద్ధం. వచ్చింది సిగ్గు. తల పట్టుకున్న చేతులు ఎవరివో తెలుసు. అతని కంట్లో పుండు ఎందుకు పడిందో తెలుసు. ఆ చేతుల్లోంచి తల లాక్కునే ముఖం ఆమెకు లేదు. మెరుపు తరువాత మెరుపు, కన్నీళ్లు చెంపల మీద కారుతూనే ఉన్నాయి, డాక్టరమ్మ "అంతే, అయిపోయింది, ఇంకొంచెం" అంటూనే ఉంది.

అయిపోయాక డాక్టరమ్మ అద్దం తీసి, వెనక్కి వాలి ఊపిరి వదిలింది. "బాగా పట్టింది. బరువులెత్తొద్దు, వారానికి మళ్లీ రావాలి. ఆ నీడ పెరిగినట్టనిపిస్తే ఆ రోజే రావాలి, ఆగొద్దు. ఈమాత్రం కదలకుండా కూర్చుంటావని నేననుకోలేదమ్మా."

మారెప్ప బయటికి వెళ్లాడు. ఉరుకుందమ్మ లేవబోయి ఆగింది.

"ఆయప్ప కన్ను యెట్లుందమ్మా?"

"మచ్చ మిగులుతుంది. చూపు ఎంత వస్తుందో పుండు మానితే గానీ తెలియదు. కంట్లో నూగు పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాడమ్మా. ఊళ్లో ఎవరో నాలుకతో తీశారట. పడ్డ రోజే వచ్చి ఉంటే నిమిషంలో తీసి పంపేదాన్ని." ఆ మాట అంటూ డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంటోంది. ఉరుకుందమ్మ వైపు చూడలేదు.

హాల్లో మారెప్ప బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఉరుకుందమ్మ గోడ పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంది. కుడి కంట్లో ఇంకా పచ్చటి వెలుగు మండుతోంది. చెప్పకపోతే ఇక ఎన్నటికీ చెప్పలేనని ఆమెకు తెలుసు.

"మారెప్పా, ఆ పొద్దు నాకు కనపడలా. నలుసు రాలేదు. వచ్చేసిందని సెప్తి."

అతను చేతిలో ఫైలు అటూ ఇటూ తిప్పాడు.

"తెలుసక్కా" అన్నాడు.

"తెలుసా?"

"ఇంటికి పోకముందే తెలిసె. గరగరమంటానే ఉండె."

"మరి తిరిగి నా తావుకు రాకపోతివే. ఆస్పత్రికన్నా పోకపోతివే."

"నువ్వు వచ్చేసింది అంటివి గదక్కా. రాలేదని నీకు యెట్ల సెప్పేది? ఆస్పత్రికి పోతే ఊళ్లో నిన్ను ఏమంటారో అని, రెండు దినాలు సూస్తామని సూస్తి."

బస్సుకు వేళయిందని లావణ్య రెండుసార్లు పిలిచింది. ఆమె లేవలేదు. గంట కావడంతో నర్సు చుక్కల సీసా పట్టుకుని వచ్చింది. మారెప్ప నల్లద్దాలు తీసి, అలవాటైన మనిషిలా తల పైకెత్తి, తన రెప్ప తానే వేళ్లతో విడదీశాడు. ఉరుకుందమ్మ వంగి చూసింది. ఆమెకు ఒక కంట్లో మసక, ఒక కంట్లో మందు. అయినా నల్లగుడ్డు మీద ఆ తెల్లటి పుండు కనిపించింది.